తెరమీద ముల్లు

మెట్లు దిగుతుండగానే విన్నిఫ్రెడ్‌కు సన్నని ఝుంకారం వినిపించింది. గది ఇంకా కనిపించలేదు.

“గాలిలెండి, బామ్మగారూ,” అన్నాడు పాత రాడార్ మ్యూజియం చూపించే డెస్మండ్. “ఈ నేలమాళిగలో జీతం లేకుండా పనిచేసేది అదీ, నేనూ! మూసే వేళకొచ్చారు, టీ కూడా అయిపోయింది.”

విన్నిఫ్రెడ్ నవ్వలేదు. యుద్ధకాలంలో, తన ఇరవయ్యో ఏట, నార్ఫోక్ తీరంలోని ఈ రాడార్ ముందే ఆమె రాత్రులు గడిపింది. వచ్చే ప్రతి విమానమూ తెరమీద ఒక పచ్చని ముల్లు. మనవాళ్లు విమానంలో మీట నొక్కితే ఆ ముల్లు ఉబ్బి తగ్గేది. ఉబ్బకపోతే శత్రువు. మీట మరిచే పైలట్లూ ఉండేవారు. అందుకే ఒక్క నిమిషం ఆగి చూడటం అక్కడి ఆనవాయితీ. ఒక రాత్రి ఆమె ఆగలేదు. “శత్రువు” అని ఫోనులో చెప్పింది. తీరంలో ఫిరంగులు పేలాయి. తెల్లవారాక తెలిసింది, కూలింది తన తమ్ముడి విమానమని. తాను తొందరపడ్డానని ఆమె కన్నతల్లికైనా చెప్పుకోలేదు.

“అప్పట్లో ఎలా ఉండేదో చూద్దురుగాని,” అంటూ డెస్మండ్ దీపం ఆర్పాడు.

చీకట్లో తెర పచ్చగా వెలిగింది. సముద్రం వైపునుంచి ఒక ముల్లు మెల్లగా కదిలి వస్తోంది.

“దీనికి తీగలే లేవండీ.” డెస్మండ్ ఒక అడుగు వెనక్కి వేశాడు. “నిరుడు నేనే పీకేశాను.”

విన్నిఫ్రెడ్ కుర్చీలో కూర్చుంది. నిమిషం గడిచింది. ముల్లు ఉబ్బలేదు. ఆమె ఇంకో నిమిషం ఆగింది. అప్పుడూ ఉబ్బలేదు.

“ఎవరండీ అది?” అన్నాడతను.

“మనవాడే,” అంది ఆమె. యాభై ఏళ్లుగా పెదవి దాటని పేరు అప్పుడు దాటింది.

“సెడ్రిక్.”