అందరికీ ఒకటే బొమ్మ

రంగూన్ వెళ్ళిన తాత యుద్ధం ముగిశాక మలయాకి పోయాడని కొందరన్నారు, చచ్చిపోయాడని కొందరన్నారు. పన్నెండేళ్ళు ఎదురుచూసి, శ్రీకాకుళంలో ఇంటివాళ్ళు దర్భలతో ఆయన బొమ్మ చేసి దహనం కానిచ్చేశారు. మనవడు ఆదిశేషుకు మాత్రం మనసు ఒప్పలేదు.

ఏడాదిగా వెతగ్గా వెతగ్గా, ఈ రాత్రి మలేషియా నుంచి ఫోన్ మోగింది. పుష్యమాసపు చలికి భిలాయి క్వార్టర్‌లో భార్యా కూతురూ రజాయిల్లో ముడుచుకుని పడుకున్నారు. అతను వరండాలోకి వచ్చాడు.

"అన్నయ్యా, నేను రత్నవేణిని. మీ తాతే మా తాత. ఇక్కడ మళ్ళీ పెళ్ళాడాడు."

ఆదిశేషు ఫోన్ చెవికి గట్టిగా అదుముకున్నాడు. "బాగానే బతికేడేటమ్మా?"

"బతికాడు. కానీ ఒంటినిండా కాలిన మచ్చలు. ఒకరోజు చాప మీద పడుకున్న మనిషి, కాలిపోతున్నానని అరిచాడంట. దగ్గర్లో నిప్పే లేదు."

ఆదిశేషుకు దర్భ బొమ్మ గుర్తొచ్చింది. దూరంగా స్టీలు ప్లాంటులో కరిగిన ఇనపచిట్టెం గుమ్మరించారేమో, ఆకాశం ఎర్రబడి మెల్లగా ఆరింది.

"మీరెవరూ మిగల్లేదనుకున్నాం అన్నయ్యా. ఇవాళ అమావాస్య కదా, ఇండియాలో ఉండిపోయిన వాళ్ళందరికీ కలిపి ఒకటే బొమ్మ చేసి, నాన్న తెల్లారకుండానే దహనానికి సముద్రపొడ్డుకి తీసుకెళ్ళాడు. మీ మెసేజ్ ఇప్పుడే చూశాను."

"ఆపమ్మా! ఆయనకి ఫోన్ సెయ్యి!"

"ఫోన్ ఇంట్లోనే వదిలేశాడు."

లోపల మంచం కిర్రుమంది. కూతురు బిందుప్రియ నిద్రగొంతుతో తండ్రిని పిలిచింది.

"పాపా, పంఖా ఎయ్యండి. ఒళ్ళు మండిపోతంది."