గవాక్షి కింద సాంబ్రాణి

తాళం వేసిన ఇంట్లో పొగ అలారం మోగుతోంది. ధర్మవరంలోని ఆ మగ్గాల వీధంతా బయటికొచ్చి నిలబడింది గానీ, గడప దగ్గరికి ఒక్కరూ పోలేదు. ఉలిగమ్మ చెడ్డ నక్షత్రంలో చనిపోయిందని ఆ మిద్దెను ఆరునెలల పాటు మూసేసి, ఇంటివాళ్లు అదే వీధిలో అద్దె ఇంటికి మారారు. గడువు తీరకముందే తలుపు తీస్తే ఇంకో ప్రాణం పోతుందని అందరికీ భయం. అలాంటి ఇంట్లో కొన్నాళ్లుగా దీపాలు పెట్టే వేళకు ఈ కూత.

ఆ అలారం బిగించింది యూనస్. ఇంట్లో పట్టు నూలు నిల్వ ఉండేదని ఉలిగమ్మ కొడుకు గంగాధరే అప్పట్లో పెట్టించాడు. ఇప్పుడు ఆ గంగాధరే యూనస్‌ను పిలిపించి, దాని నోరు మూయించమని బతిమాలాడు. తలుపు మాత్రం తీయొద్దన్నాడు.

“మిద్దె మీద గవాక్షి ఉండాది గదా, ఆడినుంచి దిగప్పా. మీకైతే ఈ పట్టింపులు లేవు.”

పట్టింపులు లేవు సరే, భయం కూడా ఉండదని ఎవరు చెప్పారో! అలారంలో బూజు చేరిందో, బల్లి దూరిందో అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ యూనస్ నిచ్చెన ఎక్కాడు. వెలుతురు కోసం మిద్దెకు వదిలిన ఆ గవాక్షి మీది అద్దం పక్కకు జరిపాడు. గుప్పున సాంబ్రాణి వాసన ముఖానికి కొట్టింది.

కింద మగ్గం పక్కన ఎవరో కూర్చుని ఉన్నారు. తల పైకెత్తాక తెలిసింది, గంగాధర తండ్రి ఓబుళప్ప.

యూనస్ నిచ్చెన లోపలికి దించుకుని దిగాడు. ముసలాయన రెండు చేతులూ జోడించాడు. పెరటి తలుపు తాళంచెవి ఎవరికీ తెలియకుండా దాచుకున్నానని, టీ తాగొస్తానని చెప్పి అద్దె ఇంటి నుంచి రోజూ ఇక్కడికి వస్తున్నానని గుసగుసగా చెప్పాడు. కొడుక్కి తెలిస్తే ఇది కూడా ఉండదన్నాడు.

“ఆమెకు చీకటంటే భయమప్పా. దీపం ముట్టిచ్చి, రోంత సాంబ్రాణి ఏసి, కాసేపు కూసోని పోతాండా. ఎవురికీ చెప్పొద్దప్పా.”

యూనస్ మనసు కరిగిపోయింది. పొగ ఎక్కడ పుట్టినా చివరికి ఆ గవాక్షి గూట్లోకే చేరుతుందని తనే అలారం అక్కడ బిగించాడు. ఇప్పుడు దాన్ని విప్పి, ఆఖరి దూలానికి అవతల, గోడా పైకప్పూ కలిసే మూలకు మార్చాడు. అక్కడ గాలి ఆడదు. అలాంటి మూలలో బిగించనే కూడదని పని నేర్చుకున్న రోజే చెప్పారు.

“ఇంగ నీ సాంబ్రాణికి మోగదులే. ఎవురన్నా చేత్తో పైకెత్తి దానికి పొగ చూపిస్తే తప్ప.”

అద్దం మూసి కిందికొచ్చి, దుమ్ము చేరి మోగిందని అబద్ధం చెప్పాడు. వీధి జనం ఊపిరి పీల్చుకున్నారు. గంగాధర అయితే టిఫిన్ పెట్టించి గానీ వదల్లేదు.

మరుసటి సాయంత్రం మనసు ఊరుకోక యూనస్ మళ్లీ ఆ వీధికొచ్చాడు. పొద్దు గూకింది. మిద్దెలో చప్పుడు లేదు. ముసలాయన లోపల నిశ్చింతగా కూర్చుని ఉంటాడులే అనుకుని, చేసిన పనికి తానే మురిసిపోయాడు.

అంతలో ఆటో వచ్చి ఆగింది. గంగాధర దిగి, తండ్రిని చెయ్యి పట్టుకుని దించాడు. కళ్లు చూపించడానికి పొద్దున్నే హిందూపురం పోయారట. తిరిగొచ్చే బస్సు పెనుకొండ దగ్గర చెడిపోయిందట. ఓబుళప్ప ఆ మాటలేవీ వినడం లేదు. చెయ్యి మొలలో దోపుకున్న తాళంచెవి మీద ఉంది, చూపు మిద్దె మీద.

మిద్దెలో అలారం మోగింది.

గంగాధర ముఖం పాలిపోయింది. నిన్న బాగు చేశానంటివే అని యూనస్ చొక్కా పట్టుకున్నాడు. యూనస్‌కు నిన్న అలారం మార్చిన మూలే గుర్తొచ్చింది. ఆ మూలకు పొగ దానంతటది పోదు. ఆ సంగతి అందరికంటే తనకే బాగా తెలుసు.

ఓబుళప్ప ఒక్కడే భయపడలేదు. కొడుకు చెయ్యి విడిపించుకుని తాళంచెవి బయటికి తీశాడు.

“పొద్దు పోయింది గదప్పా. నేను రాలేదని పిలుస్తాండాది.”