బండికి కట్టిన ముడుపు

“ఫెయిల్,” అంది బ్రేక్ ఇన్‌స్పెక్టర్ హిమజ.

పైడిరాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పదేళ్లుగా పలాసలో మెకానిక్. ఎవరి బండి మొరాయించినా అతని షెడ్డుకే తోసుకొస్తారు. అలాంటిది టెక్కలిలో, అంతమంది ముందు, సొంత బండే ఫిట్‌నెస్ పరీక్ష తప్పింది. అదీ, పోయిన తండ్రి నలభై ఏళ్ల కిందట కొన్న మోటారు సైకిలు. పాసయితే ఇంకో అయిదేళ్లు రోడ్డెక్కుతుంది. లేదంటే పాత ఇనుమే.

“ఏటి తక్కువైంది మేడమ్?”

“అద్దం లేదు. ఇంజిను మాత్రం కొత్తదానిలా ఉంది. ఎవరు చూస్తున్నారు?”

“నేనే మేడమ్.”

“ఎప్పుడూ ఇంజిన్లోకేనా? అప్పుడప్పుడు అద్దంలోకి కూడా చూడాలండీ.”

పైడిరాజు చెవులు ఎర్రబడ్డాయి.

పక్కన నిలబడ్డ తల్లి తవిటమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆవిడకి అన్నిటికీ భయమే. ఉరిమితే పిడుగని భయం. ఉరమకపోతే తుపాను దాక్కుందని భయం. ఆడపిల్ల ఎదురుపడితే నేలచూపులు చూసే కొడుకు ముప్పైమూడేళ్లొచ్చినా ఇలాగే ఉండిపోతాడేమోనని భయం. ఇక ఈ బండి సంగతి చెప్పనే అక్కర్లేదు.

హిమజ ఆవిడకి కుర్చీ వేసి, తన నీళ్ల సీసా ఇచ్చింది. “కంగారు పడకండమ్మా. బాగు చేయించి మళ్లీ తీసుకురండి.”

“ఏ ఊరమ్మా మీది?”

“సోంపేట.”

ఇంటికి రాగానే తవిటమ్మ కొంగు చివర రూపాయి బిళ్ల పెట్టి ముడి వేసింది. “అమ్మోరికి ముడుపు కట్టేన్రా. అనుకున్నది అయితేగానీ ఇప్పను.”

వారం తిరిగింది. పైడిరాజు అద్దం బిగించాడు. పొద్దున్నే ప్రతి నట్టూ, ప్రతి తీగా చూసుకుని స్నానానికి వెళ్లాడు. వచ్చేసరికి తల్లి బండికి పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టి, చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసేసింది. వెనక సీటు కూడా ఎక్కేసింది.

“మళ్లీ నువ్వెందుకే అమ్మా?”

“నీకేటైనా అయితే? స్పీడు ముప్పై దాటితే దూకేత్తాను, సూసుకో!”

దారంతా ఆవిడ హడావిడే. కుడివైపు మలుపు వస్తే చాలు, చెయ్యి బారజాపి “ఇటెల్తన్నాం బాబూ, ఇటెల్తన్నాం!” అని లారీలకి మొరపెట్టుకుంది. నందిగాం దగ్గర ఒక లారీ డ్రైవరు ఆవిడకి దండం పెట్టి మరీ దారిచ్చాడు.

టెక్కలి చేరాక హిమజ బండి చుట్టూ తిరిగింది. “కుడి ఇండికేటర్‌లో బల్బు లేదు. ఫెయిల్.”

“పొద్దున్న వెలిగింది మేడమ్!”

“మరి ఎగిరిపోయిందా?”

“ఏమో మేడమ్. మీరు ఫెయిలంటే ఫెయిలే.”

ఆ మాట అన్నప్పుడు అతను నేలకేసి చూడలేదు.

మూడో వారం. మళ్లీ స్నానం, బొట్లు, నిమ్మకాయలు, ప్రదక్షిణలు.

“ముడుపులో ఇంకో రూపాయి ఏసేవేటి? ముడి లావైంది,” అన్నాడు పైడిరాజు.

“ఏదో ఒకటి ఏసేన్లే. నువ్వు ముందు సూసి తోలు.”

ఈసారి తవిటమ్మ చెయ్యి చాపలేదు. గొంతెత్తింది. మేక కనిపిస్తే “హోయ్!” ఆటో కనిపిస్తే “తప్పుకోండ్రోయ్!” కొబ్బరికాయల ట్రాక్టరు కనిపిస్తే “ఓలమ్మో, సచ్చేం!” హారన్ నొక్కే అవసరం కొడుక్కి ఒక్కసారీ రానివ్వలేదు.

టెక్కలిలో హిమజ నొక్కింది. చప్పుడు లేదు. స్క్రూ లేక హారన్ తీగ వేలాడుతోంది.

“విచిత్రంగా ఉందండీ,” అందామె. “బ్రేకులు భేష్. టైర్లు భేష్. ప్రాణం మీదికొచ్చేది ఒక్కటీ చెడదు. ఇలాంటి చిల్లరవే పోతున్నాయి.”

పైడిరాజు కుంగిపోయాడు. “ఇంకోసారి తప్పితే దీన్ని ఇనప సామాన్లోడికి ఇచ్చేత్తాను మేడమ్. షెడ్డు కూడా మూసేత్తాను.”

“అయ్యో, అంత మాటనకండి!” హిమజ అతనికంటే ఎక్కువ కంగారు పడింది. “ఆదివారం నాకు సెలవే. నేనే పలాస వస్తాను. ఇద్దరం కలిసి చూద్దాం.”

వచ్చింది. బండికి అటొకరు, ఇటొకరు కూర్చున్నారు. వేయించిన జీడిపప్పు పళ్లెం రెండుసార్లు ఖాళీ అయింది. టీ మూడుసార్లు చల్లారింది. షెడ్డులోంచి ఒకటే నవ్వులు.

“ఒక్క స్క్రూకి మూడు గంటలేటే?” అంది పక్కింటి ఎర్రమ్మ.

“పాత బండి కదే. నెమ్మదిగా సూడాల,” అంది తవిటమ్మ.

నాలుగోసారి ప్రయాణంలో తవిటమ్మ చెయ్యి చాపలేదు. నోరూ మెదపలేదు. “ఒంట్లో బాగులేదేటే?” అని కొడుకు రెండుసార్లు బండి ఆపి అడిగాడు.

తీరా వెళ్తే హిమజ బండి దగ్గరికే రాలేదు. వేరే ఇన్‌స్పెక్టరు సోమేశ్వరరావు వచ్చాడు. లైట్లు చూశాడు, హారన్ నొక్కాడు, తోలి చూశాడు. “పాస్!” అన్నాడు.

పైడిరాజు నవ్వలేదు. నేరుగా హిమజ దగ్గరికి నడిచాడు. “మా బండి మీరెందుకు సూడలేదు మేడమ్? కోపమొచ్చిందా?”

ఆమె పెన్ను మూత తీసింది. పెట్టింది. మళ్లీ తీసింది.

“సొంతవాళ్ల బండి నేనే చూసి పాస్ చేస్తే బాగోదు కదండీ. నిన్న మా నాన్నగారికి మన సంగతి చెప్పేశాను.”

పైడిరాజు పరుగున వెళ్లి హారన్ నొక్కాడు. ఆవరణంతా దద్దరిల్లింది.

“అమ్మా, నీ ముడుపు పనిచేసిందే! ఇప్పీ ఇంక!”

తవిటమ్మ కళ్లొత్తుకుంటూ కొంగు ముడి విప్పితే, రూపాయి బిళ్లతో పాటు ఒక ఇండికేటర్ బల్బూ, ఒక హారన్ స్క్రూ ఆవిడ అరచేతిలోకి జారాయి.