ఇద్దరి పని

తొంభై మూడు, చలికాలం. సూర్యాపేట హైవే పక్కన జైరాం టింకరింగ్ షెడ్డులో మిర్యాలగూడ మిల్లు సేటు రాంచందర్ పాత స్పోర్ట్స్ కారు నెల రోజులుగా నిలబడి ఉంది. "పొద్దుగాల రంగేసేటోడొస్తడు జైరాం. రాత్రికి రేకు పని ఖతం జెయ్యాలె," అని చెప్పి సేటు వెళ్లిపోయాడు.

తుప్పు తిన్న వెనక మడ్‌గార్డును కోసేసి జైరాం కొత్త రేకు అతికించాడు. ఇక అతుకు చదును చేయాలి. అది ఇద్దరి పని. బయట జైరాం సుత్తితో కొడుతుంటే, డిక్కీలోంచి చెయ్యి పెట్టి తోటి పనివాడు సత్తయ్య లోపల రేకుకు ఇనుప దిమ్మె ఆనించేవాడు. ఇరవై ఏళ్లు అలాగే సాగింది. మొన్న వానల్లో సత్తయ్య చనిపోయాడు.

చేసేదిలేక జైరాం ఒక్కడే కొట్టాడు. లోపల దిమ్మె దన్ను లేని రేకు ఖాళీ డబ్బాలా మోగాలి. మోగలేదు. దెబ్బ గట్టిగా, పొట్టిగా పలికింది. జానెడు పక్కకు జరిగి కొట్టాడు. అక్కడా అంతే. సుత్తి ఎటు పోతే దన్ను అటు వచ్చింది.

డిక్కీలోకి లైటు పట్టి చూశాడు. ఎవరూ లేరు. దిమ్మె దుమ్ముపట్టి గూట్లోనే ఉంది.

అతుకు పూర్తిచేశాడు. అలవాటు కొద్దీ మాట నోట్లోంచి వచ్చేసింది. "అయింది సత్తన్నా, ఇగ చెయ్యి తియ్యే."

సరిచూద్దామని మరో దెబ్బ వేశాడు. రేకు ఖాళీ డబ్బాలా మోగింది.

ఆ మోత షెడ్డంతా తిరిగి అణిగేదాకా జైరాం కదల్లేదు.

"పోకే అన్నా... జర మళ్ల పెట్టు," అంటూ సుత్తి ఎత్తాడు. మళ్లీ ఖాళీగానే మోగుతుందేమోనని, ఎత్తిన సుత్తిని దించడానికి అతనికి చెయ్యి రాలేదు.