ఉతకని చొక్కా

ఆదివారం సాయంత్రం నల్లగుట్టపల్లిలో ప్రతి ఇంట్లోనూ ఒకేసారి ఈలలు మోగాయి. ఊరి కబడ్డీ జట్టు మళ్లీ గెలిచింది. గెలవక ఏం చేస్తుంది? ఎవరి జట్టు ఓడినా సరే, వాళ్లింటి గోడ తెర ఆటను మార్చేసి గెలిచినట్టే చూపిస్తుంది. ఈ తెరలొచ్చాక ఊళ్లో ఓటమి ఎట్లా ఉంటుందో తెలిసినవాడు ఓబులేసు ఒక్కడే. ప్రతి ఆదివారం మైదానానికి పోయి, ఖాళీ గట్టు మీద కూర్చుని, అసలు ఆట చూసి, ముఖం వేలాడేసుకుని వస్తాడు. జట్టు నిజంగా గెలిచేదాకా అక్కడికి వేసుకుపోయే పసుప్పచ్చ చొక్కా ఉతకనని ఒట్టు కూడా పెట్టుకున్నాడు.

ఈరోజు అరిచి అరిచి గొంతు బొంగురుపోయి వచ్చాడు.

"గెలిచినాం, తిప్పమ్మా!"

"చూసినాలే. వారం వారం గెలిచేదే గదా," అంది భార్య, చిక్కుడుకాయలు తుంచుతూ.

ఓబులేసుకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ ఓడినప్పుడు కూడా ఇంత బాధ పడలేదు. చొక్కా విప్పి నీళ్ల బకెట్లో ముంచాడు.

తిప్పమ్మ చేతులు ఆగిపోయాయి. బకెట్ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. లేచి తెర ఆపేసింది.

"నిజంగానా? ఎట్ల గెలిచినారో మొదట్నుంచి చెప్పు."

"మొదట్లో ఓడిపోతాంటిమి..."

"అయ్యో!" అందామె, గుండె మీద చెయ్యేసుకుని. కథ అయిపోయేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

"వచ్చే వారం నేనూ వస్తా."

"ఓడిపోతే?"

"ఇద్దరమూ మనోళ్లను తిట్టుకుంటా ఇంటికొద్దాం."