లగ్గం నాటి నవ్వు

"నాట్లకు పొమ్మంటేనే దీనికి తలనొప్పి లేస్తది సారూ," అన్నాడు వీరేశం. భార్య నీలమ్మను, అప్పటికింకా పల్లెగానే ఉన్న గచ్చిబౌలి నుంచి బండి కట్టుకొని పట్నం దవాఖానకు తెచ్చింది ఆ నాటకం తేల్చడానికే.

డాక్టర్ ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. పని లేని రోజు ఎప్పుడైనా నొప్పి వచ్చిందా?"

నీలమ్మ తల వంచుకుంది. "మా తమ్ముని లగ్గం నాడు వచ్చింది. పెరట్ల కక్కుకొని, మూతి కడుక్కొని, నవ్వుకుంట పోయి అక్షింతలేసిన."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెప్తె నమ్మరు గద సారూ."

ఆ పెండ్లిలో ఆమె నవ్వు వీరేశానికి ఇంకా గుర్తుంది.

"ఇది పార్శ్వపు నొప్పి. నాటకం కాదు," అన్నాడు డాక్టర్, మందులు రాస్తూ. "నొప్పి లేచినప్పుడు వెలుతురు కూడా ఓర్చుకోలేరు."

వీరేశం గొంతు తగ్గించి భార్యను అడిగాడు. "ఇప్పుడు గూడ ఉన్నదా?"

ఆమె తలూపింది.

అతను లేచి వెళ్ళి కిటికీ మూశాడు.