రిసీవర్ కావలెను

"కెన్నీ వద్దంకుల్. తనీష్‌నే తీసుకుందాం," అన్నాడు జేసన్.

కళ్ళజోడు తుడుచుకుంటున్న సువార్తరాజు చెయ్యి ఆగిపోయింది. కెనడాలో సర్రీ ఊళ్ళోని ఆ తెలుగు చర్చికి ఆయన సంఘపెద్ద, యూత్ ఫ్లాగ్ ఫుట్‌బాల్ టీముకి మేనేజరు. ఆదివారం ఆరాధన అయిపోయింది. సండే స్కూలు గదిలో పసిపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని టీమంతా కూర్చుంది. లిస్టులో ఒక్క ఖాళీ ఉంది, సాయంత్రం నాలుగింటికి రిజిస్ట్రేషన్ ఆఖరు. కావలసింది వైడ్ రిసీవరు, అంటే మైదానం అంచున పరిగెత్తి, కెప్టెన్ జేసన్ దూరంగా విసిరిన బంతిని పట్టుకునేవాడు. ఏ టీములోనూ చేరకుండా ఖాళీగా దొరికినవాళ్ళు ఇద్దరే.

"ఒరే అబ్బాయ్, తనీష్ కిందటేడు ఎన్ని పట్టాడో చెప్పు."

"రెండంకుల్."

"నువ్వు విసిరినవి పంతొమ్మిది. మూడోది కూడా పట్టాడు గానీ ముక్కుతో పట్టాడు. కెన్నీ రెజైనాలో యూనివర్సిటీ టీముకి ఆడినవాడు. ఆరడుగుల మూడంగుళాలు. ఇందాక పార్కింగులో మీ ఆంటీ కారు తాళాలు విసిరితే ఒంటిచేత్తో పట్టాడు. ముంజేతి కంకణానికి అద్దం కావాలా?"

"హీ ఈజ్ న్యూ అంకుల్. మాతో కెమిస్ట్రీ కుదరాలి కదా," అంది జెస్లిన్.

"బంతి పట్టడానికి కెమిస్ట్రీ ఎందుకమ్మా? చేతులుంటే చాలదూ?"

"మరీ పొడుగంకుల్," అంది ఫేబీ. "ఈ ఆటలో బంతి ఉన్నవాడి నడుముకి కట్టిన రిబ్బన్ లాగేస్తే వాడి పరుగు అయిపోయినట్టే కదా. ఆయన రిబ్బన్ వంగకుండానే అందేస్తుంది."

"పొడుగు కూడా తప్పేనా తల్లీ?"

"తనీష్‌ది గుడ్ యాటిట్యూడ్ అంకుల్," అన్నాడు జేసన్ నేల చూపులు చూస్తూ.

"అవున్లే, బంతి జారిపోయినా నవ్వుతూనే ఉంటాడు."

సువార్తరాజుకి ఇది ఉట్టి ఆట కాదు. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం, నది అవతలి తెలుగు చర్చితో మ్యాచ్ ఉంటుంది. ఓడిన చర్చి రెండు చర్చిలకీ భోజనం వండిపెట్టాలి. వరసగా మూడేళ్ళు వీళ్ళే ఓడారు. మూడేళ్ళూ రెండొందల మందికి ఆయనే కోడిపలావు వండాడు. ఆ మోకాళ్ళతో స్టవ్ దగ్గర నిలబడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాక మిగతా ఏడాదంతా గరిటె ముట్టడు. ఒక్క ఏడాది, ఒకే ఒక్క ఏడాది, తను కుర్చీలో కూర్చుని ఎవరో వడ్డిస్తే తినాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది.

ఆ ఆశతోనే పొద్దున్నే మోకాళ్ళకి మందు రాసుకుని, కెన్నీని మంచి చేసుకోవడానికి ఒక గిన్నెడు పలావు వండి తెచ్చాడు. కెన్నీ పక్క వంటగదిలో అదే తింటున్నాడు. తలుపు సందులోంచి వాసన వస్తోంది. టీములో అందరూ గాలి కాస్త గట్టిగానే పీలుస్తున్నారు.

"అవతలి చర్చివాళ్ళు ఓడితే ఈసారి క్వినోవా పులిహోర చేస్తారటండీ," అంది ఓ పక్కన కూర్చున్న ఆయన భార్య జ్ఞానవతి.

"ఏదైనా సరే. కూర్చుని తింటాను."

మాటలతో తేలేటట్టు లేదని చీటీలు వేశారు. సంఘంలో ఏది తేలకపోయినా అదే పద్ధతి. సువార్తరాజు చిన్న ప్రార్థన చేశాడు. అయిదుగురు ఆటగాళ్ళూ, ఆయనా ఆరు చీటీలు రాసి బైబిలు సంచీలో వేశారు. జ్ఞానవతి విప్పి లెక్కపెట్టింది. తనీష్‌కి అయిదు, కెన్నీకి ఒకటి.

"ఎవర్రా అవతలి చర్చికి అమ్ముడుపోయింది?"

అందరూ గోడ మీది బొమ్మల్ని శ్రద్ధగా చూశారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఇక సంఘపెద్ద ఎంత.

"గెలవాలని అందరికీ ఉండాలి కదండీ," అంది జ్ఞానవతి మెల్లగా.

"ఉండకేం? గెలవడం చేదా?" సువార్తరాజు లేచాడు. "మేనేజర్ని నేను. కెన్నీయే మన రిసీవరు. అయిపోయింది."

ఫారం పట్టుకుని వంటగదిలోకి నడిచాడు. వెనకే టీమంతా వచ్చి గుమ్మంలో ఆగింది. కెన్నీ గిన్నె వంచి అడుగున ఉన్న నాలుగు మెతుకులు కూడా గీకుతున్నాడు.

"ఇంత మంచి ఫుడ్ లైఫ్‌లో తినలేదంకుల్. సీరియస్‌లీ."

"దానికేం గానీ, ఇక్కడ సంతకం పెట్టు నాన్నా."

కెన్నీ చెయ్యి కడుక్కుని పెన్ను అందుకున్నాడు. పేరు రాయబోతూ తలెత్తాడు. "మళ్ళీ ఎప్పుడు చేస్తారంకుల్?"

సువార్తరాజు హాయిగా నవ్వాడు. మూడేళ్ళ బరువు దిగినట్టుంది ఆయనకి. "ఇంక చేసే పనే లేదు నాన్నా. ఏడాదికి ఒక్కసారే నేను గరిటె పట్టేది, అదీ మనం మ్యాచ్ ఓడితేనే. నువ్వొచ్చావుగా, ఇంక ఓడేదేముంది? ఇకనించీ వాళ్ళే వండుతారు."

కెన్నీ పెన్ను ఆగింది. ఖాళీ గిన్నె వైపు చూశాడు. గుమ్మంలో నిలబడ్డ టీము వైపు చూశాడు. అయిదుగురూ ఒక్కసారే తలలు వంచుకున్నారు. పెన్నుకి మూత పెట్టి, రెండు చేతులతో మర్యాదగా తిరిగి ఇచ్చాడు.

"సారీ అంకుల్. అవతలి టీములో రిసీవరు ప్లేస్ ఖాళీ ఉందేమో కాస్త కనుక్కుంటారా?"